ప్రోబ్‌లో ఉన్నది ఏ ఎల్ఈడీ? పరికరం తనంతట తాను గుర్తుపట్టే దారుల్లో ఏది ఎంచుకోవాలి

మరమ్మతు చేసిన పల్స్ ఆక్సీమీటర్ ప్రోబ్‌ను నా వేలికే తగిలించుకుని చూశాను. తెర మీద 60 పడింది. రక్తంలో ఆక్సిజన్ నిజంగా 60 శాతానికి పడిపోయినవాడు కాలు మీద కాలేసుకుని తెర చూస్తూ కూర్చోలేడు. తప్పు వేలిది కాదు, నాదే. కేబుల్ కొత్తగా అతికేటప్పుడు ఎల్ఈడీల తీగలు రెండూ అటూ ఇటూ మార్చేశాను.

లెక్క చూస్తే అసలు ప్రమాదం బయటపడుతుంది. ఈ ప్రోబ్‌లో రెండు ఎల్ఈడీలుంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎర్రది, రెండోది 940 దగ్గర వెలిగే ఇన్‌ఫ్రారెడ్, అంటే ఐఆర్. వేలిలోంచి దాటిన వెలుగు నాడితో పాటు ఎంత ఊగుతోందో ఒక్కోదానికీ విడిగా కొలిచి, దాన్ని దాని నిలకడ వెలుగుతో భాగిస్తారు. ఎర్రదాని ఊపును ఐఆర్ ఊపుతో భాగిస్తే వచ్చే నిష్పత్తే ఆర్. పాఠాల్లో చెప్పే ఉజ్జాయింపు సూత్రం 110 − 25 × ఆర్. ఆర్ 0.5 అయితే 97.5 శాతం. తీగలు మారితే నిష్పత్తి తలకిందులై 2 అవుతుంది, తెర మీద 60 వస్తుంది. ఇది మంచి తప్పు, ఎందుకంటే కంటికి కనబడుతుంది. అసలు విలువ 75 శాతం ఉన్న రోగిని తీసుకోండి. ఆర్ 1.4. తలకిందులైతే 0.714, తెర మీద 92. ఊపిరి అందక పోరాడుతున్న మనిషి కాస్త నలతగా ఉన్నట్టు కనిపిస్తాడు. ఆర్ సరిగ్గా 1 అయితే రెండు రకాలుగానూ 85 వస్తుంది, ఆ క్షణంలో తప్పు ఉందనే సంగతే తెలియదు.

అందుకే తగిలించే ప్రోబ్ మారే అవకాశమున్న ఏ ఆప్టికల్ సెన్సర్‌లోనైనా, ఆక్సీమీటర్ కానీ, నీటి మురికిని కొలిచే టర్బిడిటీ మీటర్ కానీ, లోపల ఏ ఎల్ఈడీ ఉందో ఎలక్ట్రానిక్స్ తానే గుర్తుపట్టాలి. దీనికి వాడుకలో ఉన్న దారులు నాలుగైదు. వాటిని ధర ప్రకారమో కష్టం ప్రకారమో వరసపెడితే ఎంపిక తప్పుతుంది. అవి జవాబు చెప్పే ప్రశ్నలే వేరు.

మొదటి ప్రశ్న: ఇది ఏ జాతి ఎల్ఈడీ, ఏ తీగకు ఏ దిక్కున ఉంది? రెండోది: ఎర్రదే సరే, 660నా, 650నా? మూడోది: ఇది ఫలానా ప్రోబే కదా, దీని క్యాలిబ్రేషన్, అంటే కొలతను సరిదిద్దే లెక్క, ఏది? మొదటిదానికి ఎల్ఈడీయే జవాబు చెప్పగలదు. మిగతా రెంటికీ ఎవరో ఒకరు చీటీ రాసి అతికించాలి. రెసిస్టర్ అయినా, మెమరీ చిప్ అయినా నా దృష్టిలో చీటీలే. ఫ్యాక్టరీలో ఎవరో కొలిచి రాసిన మాటను చదువుతున్నాం తప్ప ఎల్ఈడీని మనం కొలవడం లేదు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతా ఎంపిక చాలావరకు సులువవుతుంది.

ఫార్వర్డ్ ఓల్టేజ్: ఎల్ఈడీ చెప్పే సొంత మాట

ఎల్ఈడీ లోంచి కొద్దిపాటి కరెంట్ పంపి, దాని మీద పడే ఓల్టేజ్ కొలవడం అన్నిటికన్నా చవకైన దారి. ఎల్ఈడీని వెలిగించే డ్రైవర్ సర్క్యూట్ ఎలాగూ ఉంటుంది, ఓల్టేజ్‌ను అంకెగా మార్చే ఏడీసీ ఎలాగూ ఉంటుంది, రెంటినీ ఒక తీగతో కలిపితే సరి. ఇది పనిచేయడానికి కారణం భౌతికశాస్త్రమే. 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ ఓల్టుల్లో వస్తుంది. 660కి 1.88, 940కి 1.32. ఎల్ఈడీ ఓల్టేజ్ కూడా సుమారుగా ఆ తేడానే చూపిస్తుంది. 5 మిల్లీఆంపియర్ల దగ్గర ఎర్రది 1.8 చుట్టుపక్కల ఉంటే, 940 ఐఆర్ 1.2 చుట్టుపక్కల ఉంటుంది. నడుమ అర ఓల్టు పైనే ఖాళీ. 1.5 దగ్గర గీత గీస్తే కళ్ళు మూసుకుని విడదీయొచ్చు.

ఉష్ణోగ్రత మాటేమిటి? ఒక్కో డిగ్రీకి ఓల్టేజ్ సుమారు 2 మిల్లీఓల్టులు తగ్గుతుంది. సున్నా నుంచి 50 డిగ్రీల దాకా పోయినా 100 మిల్లీఓల్టులే. కనెక్టర్ పిన్నులు తుప్పుపట్టి 10 ఓమ్‌లు కలిసినా 5 మిల్లీఆంపియర్లకు 50 మిల్లీఓల్టులు. రెండూ కలిసినా అర ఓల్టు ఖాళీని మింగలేవు. ఇంకా నిబ్బరం కావాలంటే ఒక్కో ఎల్ఈడీ ఓల్టేజ్‌ను గీతతో పోల్చడం మాని, ఒకే ప్రోబ్‌లోని రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చండి. రెండూ ఒకే వేడిలో, ఒకే కనెక్టర్ వెనక ఉన్నాయి కాబట్టి ఉమ్మడి దోషాలు చాలావరకు కొట్టుకుపోతాయి. తేడా 300 మిల్లీఓల్టులు దాటకపోతే గుర్తుపట్టలేదని ఒప్పేసుకోవాలి.

తీగల అమరిక కూడా ఇదే పద్ధతిలో బయటపడుతుంది. ఆక్సీమీటర్ ప్రోబ్‌లలో రెండు అమరికలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకదానిలో రెండు ఎల్ఈడీలూ వీపులు ఆనించినట్టు ఎదురెదురు దిక్కుల్లో రెండే తీగల మధ్య ఉంటాయి. ఒక దిక్కున కరెంట్ పంపితే ఎర్రది, తిప్పి పంపితే ఐఆర్ వెలుగుతాయి. డ్రైవర్‌గా హెచ్-బ్రిడ్జ్, అంటే కరెంట్‌ను రెండు దిక్కులా పంపగల సర్క్యూట్, కావాలి. రెండో అమరికలో మూడు తీగలు, ఒక కొస రెంటికీ ఉమ్మడి. మూడు పిన్నులుంటే జంటలు మూడు, ఒక్కో జంటకు రెండు దిక్కులు, మొత్తం ఆరు కొలతలు. ఏ దిక్కున పారింది, ఏ దిక్కున ఆగింది, పారినచోట ఎంత ఓల్టేజ్ అని ఒక చిన్న పట్టికలో వేసుకుంటే అమరిక తేలిపోతుంది. ఒకే జంటలో రెండు దిక్కులా పారి, మూడో పిన్ను మౌనంగా ఉంటే ఎదురెదురు అమరిక. ఒక పిన్ను నుంచి మిగతా రెంటికీ పారి, వెనక్కి పారకపోతే ఉమ్మడి ఆనోడ్, అంటే ప్లస్ కొస రెంటికీ ఒకటే. ఒక్కో కొలత కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది కాబట్టి ఎల్ఈడీ వేడెక్కే తీరిక కూడా ఉండదు. ఒక్క జాగ్రత్త: చాలా ఎల్ఈడీలకు వెనక దిక్కున 5 ఓల్టుల పరిమితే ఉంటుంది. పరీక్ష కరెంట్ ఇచ్చే సర్క్యూట్ అంతకు మించి ఓల్టేజ్ ఎక్కించకుండా కట్టడి చేయండి.

ఇంత బాగున్న పద్ధతి ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం. 660, 670 నానోమీటర్ల మధ్య ఫోటాన్ శక్తి తేడా 28 మిల్లీఎలక్ట్రాన్ ఓల్టులు. ఓల్టేజ్‌లో అది 28 మిల్లీఓల్టులకు సమానమనుకున్నా, 14 డిగ్రీల వేడి మార్పుకు అది గల్లంతు. ఒకే బ్యాచ్ ఎల్ఈడీల మధ్య సహజంగా ఉండే తేడా కూడా అంతకన్నా ఎక్కువే. కాబట్టి ఫార్వర్డ్ ఓల్టేజ్‌తో తరంగదైర్ఘ్యం కొలుస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. 880 ఐఆర్‌ను 940 నుంచి విడదీయడం కూడా దీని పని కాదు, అక్కడ తేడా 90 మిల్లీఓల్టులే. ఆకుపచ్చ, నీలం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఫోటాన్ లెక్క ప్రకారం 525 ఆకుపచ్చకూ 470 నీలానికీ 0.28 ఓల్టుల తేడా రావాలి. రెండూ ఇండియం గాలియం నైట్రైడ్‌తో చేసినవే కావడంతో ఆచరణలో రెండూ 3 ఓల్టుల చుట్టుపక్కలే తిరుగుతాయి. సూత్రం ఒకటి చెబుతుంది, మల్టీమీటర్ ఇంకొకటి చూపిస్తుంది.

అదనపు లాభం ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. 1 మిల్లీఆంపియర్ దగ్గర ఒకసారి, 10 దగ్గర ఒకసారి కొలవండి. మంచి డయోడ్ అయితే పదింతల కరెంట్‌కు ఓల్టేజ్ సుమారు 60 నుంచి 120 మిల్లీఓల్టులు పెరుగుతుంది, పైన కాస్త సొంత రెసిస్టెన్స్ వాటా కలుస్తుంది. 300 పెరిగిందంటే దారిలో ఎక్కడో 20 ఓమ్‌లు అదనంగా దూరాయన్నమాట. తెగడానికి సిద్ధంగా ఉన్న కేబుల్‌ను ఇది తెగకముందే పట్టిస్తుంది.

కోడ్ రెసిస్టర్: పాతదే, ఇప్పటికీ గట్టిదే

జపాన్ ఇంజనీర్ టకువో అయొయగి 1974లో పల్స్ ఆక్సిమెట్రీ ఆలోచనను బయటపెట్టాక, 1980ల్లో అది ఆసుపత్రుల్లోకి వచ్చేసరికి ఎల్ఈడీ తయారీలోని తేడాలు పెద్ద తలనొప్పి అయ్యాయి. ఎర్ర ఎల్ఈడీలు 660 అని కొన్నా ఒక్కోటి ఒక్కో చోట, పది నానోమీటర్లు అటూ ఇటూగా వెలిగేవి. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ 660 దగ్గర కన్నా 650 దగ్గర సుమారు ఆరో వంతు ఎక్కువ కాంతిని పీల్చుకుంటుంది. పది నానోమీటర్ల జరుగుడుకే ఇంత. పల్స్ ఆక్సీమీటర్ల ప్రమాణం ఐఎస్ఓ 80601-2-61 ప్రకారం 70 నుంచి 100 శాతం మధ్య మొత్తం తేడా, వర్గమధ్యమ మూలం లెక్కన, 4 శాతం పాయింట్లు దాటకూడదు. మిగతా దోషాలన్నీ ఆ నాలుగులోనే సర్దుకోవాలి. ఎల్ఈడీ ఒక్కటే సగం తినేస్తే ఇంకేం మిగులుతుంది?

అప్పుడు ఆక్సీమీటర్ల కంపెనీ నెల్‌కార్ పట్టుకున్న ఉపాయం ఇది: ఎల్ఈడీలను కొలిచి జట్లుగా విడదీయడం, ప్రతి జట్టుకూ ఒక రెసిస్టర్ విలువ కేటాయించి ప్రోబ్‌లోనే పెట్టడం. పరికరం ఆ విలువ చదివి తగిన క్యాలిబ్రేషన్ పట్టిక తీసుకుంటుంది. పైసల్లో పోయే భాగంతో పెద్ద చిక్కు విడిపోయింది.

మీరు ఇప్పుడు చేస్తే ఎన్ని కోడ్‌లు పెట్టొచ్చు? పరికరంలో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, ప్రోబ్‌లో కోడ్ రెసిస్టర్, రెండూ 1 శాతం రకం, నడుమ ఓల్టేజ్‌ను 12 బిట్‌ల, అంటే 4096 మెట్ల, ఏడీసీతో చదువుతున్నాం అనుకుందాం. ఈ రెండు రెసిస్టర్ల జోడీకీ (దీన్నే డివైడర్ అంటారు) ఏడీసీకీ ఒకే రెఫరెన్స్ ఓల్టేజ్ వాడితే సప్లై ఊగిసలాట లెక్కలోకే రాదు. రెండు రెసిస్టర్లూ ఎదురు దిక్కుల్లో పూర్తిగా తప్పినా, అన్నిటికన్నా ఘోరంగా ఉండే మధ్యలో కూడా తేడా మొత్తం స్కేలులో అర శాతం, అంటే 4096లో 20 మెట్లు. లెక్క ప్రకారం వందకు దగ్గర కోడ్‌లు పట్టించొచ్చు, కానీ పట్టించకండి. స్కేలును 16 గదులు చేయండి, ఒక్కో గది 256 మెట్లు. విలువ గది మధ్యలో ఉండాలి, గది గోడ దగ్గర 60, 70 మెట్లు ఏ కోడ్‌కూ చెందని ఖాళీగా వదిలేయాలి. ఆ ఖాళీలో పడితే పక్క గదికి తోసేయకుండా ప్రోబ్ పాడైందని చెప్పాలి. మొదటి, చివరి గదులను కోడ్‌లకు వాడొద్దు. తీగ తెగితే ఒక చివర, షార్ట్ అయితే ఇంకో చివర పడుతుంది కాబట్టి అవి లోపాల గదులు. మిగిలిన 14 కోడ్‌లు మామూలు అవసరాలకు ఎక్కువే.

రెసిస్టర్ విలువలు 1 నుంచి 100 కిలోఓమ్‌ల మధ్య ఉంచండి. అంతకు తక్కువైతే కనెక్టర్ పిన్నుల రెసిస్టెన్స్ లెక్కకొస్తుంది. ఎక్కువైతే చెమట, తుడిచే ద్రావణాల తేమ లెక్కకొస్తుంది. కనెక్టర్‌లో తడి వల్ల 1 మెగాఓమ్ లీకేజీ ఉందనుకోండి, 10 కిలోఓమ్‌ల కోడ్ 10 మెట్లు జరుగుతుంది, 100 కిలోఓమ్‌లది 33 మెట్లు.

దీని బలహీనత ఎలక్ట్రానిక్స్‌లో లేదు, మనుషుల్లో ఉంది. మరమ్మతులో ఎల్ఈడీ మార్చి రెసిస్టర్‌ను అలాగే వదిలేస్తే ప్రోబ్ అబద్ధం చెబుతుంది, అదీ పూర్తి నమ్మకంతో.

మెమరీ చిప్: చీటీ కాదు, పుస్తకం

ఒకే తీగ, ఒక గ్రౌండ్‌తో పనిచేసే 1-వైర్ చిప్‌లు ప్రోబ్ కనెక్టర్‌లో సులువుగా ఇముడుతాయి. డీఎస్2431 లాంటిదానిలో 1024 బిట్‌లు, అంటే 128 బైట్‌లు రాయొచ్చు. దానికి తోడు ప్రతి చిప్‌కూ ఫ్యాక్టరీలో రాసిన 64 బిట్‌ల సొంత నంబర్ ఉంటుంది. తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్‌లో పదో వంతుగా రాస్తే ఒక్కోదానికి రెండు బైట్‌లు చాలు: 6612 అంటే 661.2. గరిష్ఠ కరెంట్, క్యాలిబ్రేషన్ గుణకాలు, తయారీ తేదీ, ఫార్మాట్ వెర్షన్, చివర రాతలో తప్పు దొర్లితే పట్టించే సీఆర్‌సీ. ఇవన్నీ రెండు కాపీలు పెట్టినా చోటు మిగులుతుంది. ఫార్మాట్ సొంతంగా కనిపెట్టే ముందు ఐఈఈఈ 1451.4 చూడండి. సెన్సర్‌లోనే దాని వివరాల పత్రం పెట్టే ఈ ప్రమాణం 2004 నాటిది, 1-వైర్ మీదే నడుస్తుంది.

రెసిస్టర్ చేయలేని పని ఇది చేస్తుంది. జట్టు సగటుతో సరిపెట్టుకోకుండా ఆ ఒక్క ప్రోబ్‌కు కొలిచిన సంఖ్యలే ఇస్తుంది. ప్రోబ్ ఎన్ని గంటలు వాడారో కూడా రాసుకోవచ్చు. కానీ మూడు చిక్కులున్నాయి. ఒకటి, ఫ్యాక్టరీలో ప్రతి ప్రోబ్‌నూ కొలిచి రాసే స్టేషన్ కావాలి. అది లేకుండా అన్ని చిప్‌లలో ఒకే సంఖ్యలు నింపితే అది ఖరీదైన రెసిస్టర్, అంతే. రెండు, గామా కిరణాలతో స్టెరిలైజ్ చేసే ప్రోబ్‌లో మామూలు ఈఈప్రామ్ మెమరీ బతకదు, దాచుకున్న చార్జ్ కారిపోతుంది. గామాను తట్టుకునే డీఎస్28ఈ80 లాంటి చిప్ చూసుకోవాలి, లేదా ఇథిలీన్ ఆక్సైడ్ పద్ధతికి పోవాలి. మూడు, కనెక్టర్‌లోని చిప్ పిన్నుకు వేలి నుంచి దూకే స్టాటిక్ నేరుగా తగులుతుంది. రక్షణ డయోడ్ పెట్టకుండా పంపిన చిప్‌లు వెనక్కి వస్తాయి.

నాకు నచ్చని వాడకం కూడా ఒకటుంది. డిజిటల్ సంతకం కలిపి, వేరే తయారీ ప్రోబ్‌లు పనిచేయకుండా తాళం వేయడానికే చిప్ పెట్టేవాళ్లున్నారు. భద్రత పేరు చెబుతారు. నకిలీ ప్రోబ్‌ల బెడద నిజమే, కాదనను. కానీ తాళం వేసిన చిప్ కూడా ఎల్ఈడీ తీగలు తిరగబడ్డాయో లేదో చెప్పలేదు.

కాంతినే చూసి గుర్తుపట్టడం

వినడానికి ఇదే సరైనదనిపిస్తుంది. వెలుగు ఏమిటో వెలుగునే చూసి తేల్చుకుంటే పోలా? అడ్డమంతా ఒకే దగ్గర ఉంది. కాంతిని కరెంట్‌గా మార్చే మామూలు సిలికాన్ ఫోటోడయోడ్‌కు రంగు తెలియదు. కరెంట్ పెరిగిందంటే ఎల్ఈడీ ప్రకాశవంతమైనదో, తరంగదైర్ఘ్యం మారిందో అది విడదీయలేదు. వేర్వేరు ఫిల్టర్లున్న రెండు డయోడ్‌ల నిష్పత్తి తీసుకుంటేనే ప్రకాశం కొట్టుకుపోయి రంగు మిగులుతుంది. ఏఎస్7341 లాంటి స్పెక్ట్రల్ సెన్సర్‌లో 415 నుంచి 680 దాకా ఎనిమిది చానెళ్లున్నాయి. 660 ఎర్రది 630, 680 చానెళ్ల నడుమ పడుతుంది కాబట్టి ఆ రెంటి నిష్పత్తి చూస్తే కొన్ని నానోమీటర్ల జరుగుడు కూడా తెలుస్తుంది. ఐఆర్ వైపు మాత్రం ఒక్క చానెలే ఉంది, 880నీ 940నీ అది విడదీయదు. పైగా సెన్సర్‌ను ముందుగా తెలిసిన కాంతితో క్యాలిబ్రేట్ చేసుకోవాలి, ఎల్ఈడీ ముందు ఎక్కడో పెట్టాలి. వేలికి తగిలించే ప్రోబ్‌లో ఆ చోటెక్కడిది? దీన్ని ఫ్యాక్టరీ స్టేషన్‌లో వాడండి, అక్కడ దీనికి సాటి లేదు. పైన చెప్పిన చీటీలు రాయాల్సిన చెయ్యి ఇదే.

ఈ వరసలో ఒక సరదా విషయం. ఎల్ఈడీ కాంతిని చూడగలదు కూడా, తన వెలుగు కన్నా పొట్టి తరంగాలకు స్పందిస్తుంది. అమెరికన్ ఎలక్ట్రానిక్స్ రచయిత ఫారెస్ట్ మిమ్స్ 1970ల నుంచే దీన్ని ప్రచారంలో పెట్టారు. మూడు తీగల ప్రోబ్‌లో ఒకటి వెలిగించి రెండోదాన్ని వింటే, ఐఆర్‌కు ఎర్రది కనిపించొచ్చు, ఎర్రదానికి ఐఆర్ కనిపించదు. సంకేతం మరీ చిన్నది. ప్రయోగశాలలో సాయంత్రం గడపడానికి బాగుంటుంది, ఉత్పత్తిలో పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఏది ఎప్పుడు

ఎల్ఈడీ బోర్డు మీదే సోల్డర్ అయి, ఎన్నటికీ మారనిదైతే గుర్తింపు పెట్టకండి. పవర్ వేసినప్పుడు ఫార్వర్డ్ ఓల్టేజ్ ఒకసారి చూస్తే తెగిందో షార్ట్ అయిందో తెలుస్తుంది, అది చాలు.

ప్రోబ్ మారుతుంది, కానీ తరంగదైర్ఘ్యం కాస్త అటూ ఇటూ అయినా కొలత చెడదు అనుకుంటే, ఉదాహరణకు వస్తువు అడ్డొచ్చిందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్, ఫార్వర్డ్ ఓల్టేజ్ ఒక్కటే పెట్టండి. తప్పు ప్రోబ్ దూరకుండా కనెక్టర్‌కు గాడి పెడితే ఇంకా మేలు.

తరంగదైర్ఘ్యం కొలతను నేరుగా మారుస్తుందంటే చీటీ తప్పదు. ఐఎస్ఓ 7027 ప్రకారం పనిచేసే టర్బిడిటీ మీటర్‌కు 860 నానోమీటర్లు కావాలి. అందులో 940 ఎల్ఈడీ పెట్టినా ఓల్టేజ్ తేడా 120 మిల్లీఓల్టులే, ఓల్టేజ్‌ను నమ్ముకుంటే దొరికిపోదు. రకాలు పది లోపు ఉండి, జట్టు సగటు సరిపోతే రెసిస్టర్. ఒక్కో ప్రోబ్‌కూ సొంత క్యాలిబ్రేషన్ కావాలి, కొలిచే స్టేషన్ కూడా ఉందంటే మెమరీ. సందేహంగా ఉంటే నేను రెసిస్టర్ వైపే మొగ్గుతాను. దానికి సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లు ఉండవు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా మల్టీమీటర్ పెడితే అదే జవాబు చెబుతుంది.

చీటీ ఏదైనా, ఫార్వర్డ్ ఓల్టేజ్ పరీక్షను మాత్రం దాని పక్కన తప్పకుండా ఉంచండి. సర్క్యూట్‌లో అది దాదాపు ఉచితం. చీటీ ఒకటి చెప్పి, ఎల్ఈడీ ఇంకొకటి చెబితే ఎవరి మాట వినాలి? ఎవరిదీ వినొద్దు. చీటీ ఎర్రది అన్నచోట 1.2 ఓల్టులు వచ్చిందంటే రెంటిలో ఒకటి అబద్ధం, ఏదో పరికరానికి తెలియదు. అంకె చూపకుండా గీతలు చూపాలి. ఏదీ తేలనప్పుడు మామూలు క్యాలిబ్రేషన్‌తో నెట్టుకురావడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, ఎందుకంటే చూసేవాడికి అంకె నిజంలాగే కనిపిస్తుంది. ప్రోబ్ గుచ్చేటప్పుడు పిన్నులన్నీ ఒకేసారి తగలవు కాబట్టి మొదటి కొలతను నమ్మకండి. వరసగా మూడుసార్లు ఒకే జవాబు వచ్చాకే ఒప్పుకోండి.

నా మరమ్మతు ప్రోబ్‌కు చీటీ ఏమీ లేదు, ఎదురెదురు అమరిక, రెండే తీగలు. పరికరం ప్రోగ్రామ్‌లో రెండు దిక్కులా కొలిచే నాలుగు వరసలు చేర్చాను. ఒక దిక్కున 1.79, ఇంకో దిక్కున 1.21 వచ్చాయి. ఏ దిక్కు ఎర్రదో అదే తేల్చుకుంది, తెర మీద 97 పడింది. ఆ తర్వాత కూడా తీగలు విప్పి సరిగ్గా అతికాను. ఆ కేబుల్ రేపు ఇంకో పరికరానికి తగులుతుంది, దానికి ఈ నాలుగు వరసలు ఉండవు.